జేమ్స్ అనాయా, అవాస్ తింగ్ని తీర్పు: కలిసి చదివేవారు ఉన్నారా?

నీలిపుటలు
నమస్కారం. కొన్ని నెలలుగా జేమ్స్ అనాయా రాసినవి ఒక్కొక్కటిగా చదువుతున్నాను. తెలుగులో ఆయన పని గురించి వివరంగా మాట్లాడుకున్న చోటు నాకు కనబడలేదు. తోడుగా చదివేవారు దొరుకుతారన్న ఆశతో ఇక్కడ మొదలుపెడుతున్నాను.

కొత్తవారికి కొంచెం పరిచయం. అనాయా అమెరికాలో న్యాయశాస్త్ర ఆచార్యుడు. పుట్టింది 1958లో. అపాచీ, పురేపెచా మూలాలున్న మనిషి. హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం చదివారు. అయోవా, అరిజోనా విశ్వవిద్యాలయాల్లో బోధించి, తర్వాత కొలరాడోలో న్యాయ కళాశాల డీన్‌గా పనిచేశారు. అంతర్జాతీయ న్యాయంలో ఆదివాసుల స్థానం మీద ఆయన రాసిన పుస్తకాన్ని ఆక్స్‌ఫర్డ్ 1996లో ప్రచురించింది, 2004లో రెండో కూర్పు వచ్చింది. 2008 నుంచి 2014 వరకు ఐక్యరాజ్యసమితిలో ఆదివాసుల హక్కుల ప్రత్యేక నివేదకుడు.

అంతవరకు పేరున్న ఏ ఆచార్యుడి జీవితమైనా ఇలాగే ఉండవచ్చు. నన్ను పట్టి నిలిపింది వేరే. పుస్తకం అచ్చయిన ఆ 1996లోనే, మార్చి నెలలో, నికరాగువా ప్రభుత్వం అట్లాంటిక్ తీరంవైపు అడవిలో సుమారు 62,000 హెక్టార్లలో కలప కొట్టుకోవడానికి సోల్‌కార్సా అనే కంపెనీకి ముప్ఫై ఏళ్ళ అనుమతి ఇచ్చింది. ఆ అడవి మాదని అక్కడి మయంగ్నా ఆదివాసుల ఊరు అవాస్ తింగ్ని అంది. ఊళ్ళో ఉన్నది ఆరువందల పైచిలుకు జనం. పట్టా లేదు. వాళ్ళ తరఫున వాదించిన న్యాయవాది అనాయా. 2001 ఆగస్టు 31న అంతర్ అమెరికా మానవ హక్కుల న్యాయస్థానం ఆ ఊరి పక్షాన తీర్పు చెప్పింది. ఆదివాసుల ఉమ్మడి భూమి హక్కును ఒక అంతర్జాతీయ న్యాయస్థానం, రాజ్యం తలవంచి తీరవలసిన తీర్పులో గుర్తించడం అదే మొదలు.

నా ప్రశ్న ఇది. చేతిలో పట్టా లేదు. ఆ ఖండపు మానవ హక్కుల ఒడంబడికలో ఆదివాసి అన్న మాటే లేదు. మరి దేన్ని ఆధారం చేసుకుని గెలిచారు?

న్యాయపీఠిక
మంచి చర్చ మొదలుపెట్టారు నీలిపుటలు గారూ. మీ ప్రశ్నకు జవాబు ఆ ఒడంబడిక 21వ అధికరణంలో ఉంది. అది ఆస్తి హక్కు. ప్రతి ఒక్కరికీ తమ ఆస్తిని వాడుకునే, అనుభవించే హక్కు ఉంటుంది అని చెబుతుంది. అందరి కోసం రాసిన మామూలు హక్కు.

అనాయా బృందం కొత్త హక్కేదీ అడగలేదు. ఉన్న హక్కును ఈ ఊరి బతుకు వైపు నుంచి చదవమని అడిగింది. ఆస్తి అంటే ఒక మనిషి పేరు మీద ఉన్న కాగితమే అని ఒడంబడికలో ఎక్కడా రాయలేదు కదా! న్యాయస్థానం ముసాయిదా చరిత్రను తిరగేసింది. మొదటి ముసాయిదాలో 'ప్రైవేటు ఆస్తి' అని ఉండేది. చర్చల్లో ఆ 'ప్రైవేటు' అన్న విశేషణం తీసేసి 'తమ ఆస్తి' అని మార్చారు. ఆ మార్పు చేసినవారి మనసులో ఏముందో గాని, ముప్ఫై ఏళ్ళ తర్వాత ఒక అడవి ఊరికి తలుపు తెరుచుకున్నది ఆ సందులోనే. మానవ హక్కుల ఒడంబడికలోని మాటలకు స్వతంత్రమైన అర్థం ఉంటుందని, అది కాలంతోపాటు ఎదుగుతుందని, దేశీయ చట్టంలో ఆ మాటకు ఏ అర్థం ఉందో దానికే కట్టుబడనక్కరలేదని న్యాయస్థానం తేల్చింది. భూమి వాళ్ళ స్వాధీనంలో ఉండటమే ఆస్తికి అధికారిక గుర్తింపు పొందడానికి చాలునంది. ఏడు ఓట్లు ఊరి వైపు, ఒక ఓటు ఎదురు.

ఇంకొక సంగతి. నికరాగువా రాజ్యాంగం ఉమ్మడి భూములను అప్పటికే గుర్తించింది. అయితే గుర్తించిన భూమిని కొలిచి, హద్దులు వేసి, పట్టా ఇచ్చే పద్ధతి మాత్రం లేదు. కాగితం మీద హక్కు ఉంది, దాన్ని అందుకునే నిచ్చెన లేదు. అందుకే 21తోపాటు 25వ అధికరణాన్ని, అంటే న్యాయరక్షణ పొందే హక్కును కూడా ఉల్లంఘించారని తీర్పు. పదిహేను నెలల్లో హద్దులు వేసి పట్టా ఇవ్వమన్నారు. ఊరి మేలుకోసం 50,000 డాలర్ల పనులు చేయమని, ఖర్చులకింద 30,000 డాలర్లు ఇవ్వమని ఆదేశించారు.

ప్రశ్నార్థకం
తీర్పు గొప్పదే. రెండో పక్షం మాట కూడా ఇక్కడ ఎవరైనా చెప్పాలి కనుక నేను చెబుతాను. ప్రభుత్వ వాదన పూర్తిగా పసలేనిది కాదు. ఇంత చిన్న ఊరు అంత పెద్ద అడవిని అడుగుతోందని, పక్క ఊళ్ళవాళ్ళు కూడా అదే నేలను తమదంటున్నారని, ఈ ఊరు ఇప్పుడున్న చోటికి వచ్చింది 1940ల్లోనని వాదించారు. పక్క ఊళ్ళతో తగువు సంగతి నిజంగానే బరువైన ప్రశ్న. ఒక ఊరికి హద్దు గీస్తే ఇంకో ఊరి అడవి కోసుకుపోదా?

పైగా వివాదానికి కారణమైన కలప అనుమతి 1998లోనే రద్దయింది. దేశ సుప్రీంకోర్టు అంతకు ముందే, 1997లో, ప్రాంతీయ మండలి ఆమోదం లేదని దాన్ని రాజ్యాంగ విరుద్ధమంది. మరి ఇంకా అంతర్జాతీయ న్యాయస్థానం దాకా పోవడం దేనికి?

న్యాయపీఠిక
మీరు చెప్పిన కాలక్రమం సరైనదే. కాని సుప్రీంకోర్టు ఏ కారణంతో కొట్టేసిందో చూడండి. మండలి ఆమోదం లేదన్నది ఆ కారణం. ఊరి అడవి ఊరిదే కనుక అని ఒక్క మాట అనలేదు. ఆ కారణంతో రద్దయిన అనుమతి, రేపు మండలి ఆమోదం తెచ్చుకుంటే మళ్ళీ బతుకుతుంది. ఊరు అడిగింది ఒక కంపెనీ వెళ్ళిపోవడం ఒక్కటే అయితే పని అయిపోయినట్టే. అడిగింది నేల ఎవరిదో తేల్చమని.

దుబాసి
నేను వృత్తిరీత్యా అనువాదకురాలిని. న్యాయశాస్త్రం నాకు కొత్త. మీ మాటలు చదివి నిన్న రాత్రి ఆ తీర్పు తెరిచాను. 2000 నవంబరులో మూడు రోజులపాటు కోస్టారికాలోని సాన్ హోసేలో విచారణ జరిగింది. సాక్షులు చెప్పినవాటి సారాంశం తీర్పులోనే ఉంది. న్యాయసూత్రాలకంటే ముందు అది చదవమని అందరినీ కోరుతున్నాను.

అడవి మీకు ఏమవుతుంది అని అడిగితే వాళ్ళు చెప్పిన జవాబులు చూడండి. అక్కడ వేట గుంపుగా సాగే పని, దొరికింది అందరికీ పంచుతారు. నేల ఎవరి ఒక్కరిదీ కాదు, ఊరందరిదీ. అడవిలో పూర్వీకులతో ముడిపడిన పవిత్రమైన కొండలున్నాయి. వేటకు పోతూ ఆ కొండల పక్కనుంచి నడిచేటప్పుడు ఎవరూ మాట్లాడరు. చనిపోయినవారి మీద గౌరవంతో మౌనంగా సాగిపోతారు. కొండ అడుగున ఉండే ఆత్మకు నమస్కరిస్తారు.

ఆ మౌనం దగ్గర నేను ఆగిపోయాను. వ్యాజ్యంలో హక్కుకు రుజువు ఏమిటని అడిగితే దస్తావేజు చూపిస్తారు, సర్వే రాయి చూపిస్తారు. వీళ్ళు తమ నడకను చూపించారు. ఫలానా కొండ దగ్గర మేము మాట్లాడం అన్నది రుజువుగా న్యాయస్థానం ముందు నిలబడింది.

నీలిపుటలు
దుబాసి గారూ, మీరు రాసింది చదివి నేను కూడా ఆ భాగానికి తిరిగి వెళ్ళాను. పుస్తకంలో అనాయా చెప్పే సూత్రాలన్నిటికీ ప్రాణం పోసింది ఆ సాక్ష్యాలేనని ఇప్పుడు అనిపిస్తోంది. ఆయన ఆ ఊరికి పరిచయమైంది కూడా ఈ దావాతో కాదు. అంతకుముందు ఇంకో కలప కంపెనీతో ఒప్పందం కుదుర్చుకునే సమయంలో, అయోవాలో బోధిస్తున్న రోజుల్లో, ఊరికి న్యాయసలహా ఇచ్చారు. ప్రభుత్వం, కంపెనీ, ఊరు ముగ్గురూ సంతకం చేసిన ఒప్పందం 1994లో జరిగింది. ఆ నమ్మకం మీదే తర్వాతి పోరాటం నిలిచింది.

చరిత్రదారి
ఇంకొంచెం వెనక్కి వెళదాం. అనాయా పుస్తకం మొదలయ్యేది కూడా అక్కడే.

పదహారో శతాబ్దంలో సలమంకా విశ్వవిద్యాలయంలో ఫ్రాన్సిస్కో దె విక్టోరియా అనే మతగురువు, అమెరికా ఖండపు ప్రజలకు తమ నేల మీద నిజమైన యాజమాన్యం ఉందని, కనుగొన్నామని చెప్పుకున్నంత మాత్రాన అది స్పెయిన్‌ది అయిపోదని వాదించాడు. అదే మనిషి, కొన్ని కారణాలుంటే యుద్ధం న్యాయమేనని కూడా అన్నాడు. ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో తీసుకోవడం అక్కడే మొదలైంది. అయినా ఆ ఆలోచనలో ఆదివాసి కనీసం హక్కులున్న మనిషి.

తర్వాతి శతాబ్దాల్లో అంతర్జాతీయ న్యాయం పూర్తిగా రాజ్యాల మధ్య వ్యవహారంగా మారింది. రాజ్యం కానిదానికి అక్కడ చోటులేదు. 1926లో ఉత్తర అమెరికాలోని కయూగా తెగ విషయంలో బ్రిటన్, అమెరికాల మధ్య మధ్యవర్తిత్వం జరిగినప్పుడు, తెగ అన్నది అంతర్జాతీయ న్యాయం గుర్తించే వ్యక్తి కాదని తేల్చారు. తెగలతో చేసుకున్న సంధులు ఎన్నో ఉండగానే ఈ మాట అన్నారు!

అంతకు మూడేళ్ళ ముందు, 1923లో, కయూగా నాయకుడు డెస్కాహె ఆరు జాతుల సమాఖ్య ప్రతినిధిగా జెనీవా వెళ్ళాడు. నానాజాతి సమితి ముందు తమ మాట వినిపించాలని. ఏడాదికి పైగా అక్కడే తిరిగాడు. సమితి వినలేదు. అదే నగరంలో 1982లో ఆదివాసుల కోసం ఐక్యరాజ్యసమితి కార్యబృందం ఏర్పడింది, ఆదివాసీ ప్రతినిధులు స్వయంగా వచ్చి కూర్చుని మాట్లాడగలిగారు. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టుకుని చూడండి. అనాయా ఈ కథను చెప్పే పద్ధతి నాకు ఇష్టం. అంతర్జాతీయ న్యాయం వలస పాలనకు పనిముట్టుగా ఉన్న సంగతిని ఆయన దాచరు. అదే పనిముట్టును ఆదివాసులు తమ చేతుల్లోకి తీసుకుని తిరిగి మలుస్తున్నారని అంటారు.

రెండోచదువు
ఉద్యోగం చేస్తూ న్యాయశాస్త్రం మొదటి ఏడాది చదువుతున్నాను. ఒక అనుమానం అడగవచ్చా? ఆదివాసుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి 2007లో చేసిన ప్రకటన ఉంది కదా, దాని 3వ అధికరణం ఆదివాసులకు స్వయం నిర్ణయాధికారం ఉందంటుంది. ఆ మాట వినగానే నాకు వేరు దేశం గుర్తొస్తుంది. మరి అన్ని దేశాలు దానికి ఎలా ఒప్పుకున్నాయి?

న్యాయపీఠిక
నిస్సంకోచంగా అడగండి. అన్ని దేశాలూ ఒప్పుకోలేదు. 2007 సెప్టెంబరు 13న సర్వప్రతినిధి సభలో 144 దేశాలు అనుకూలంగా, 4 వ్యతిరేకంగా ఓటు వేశాయి, 11 తటస్థంగా ఉన్నాయి. ఆ నాలుగు ఏవో చెబితే మీకే అర్థమవుతుంది: ఆస్ట్రేలియా, కెనడా, న్యూజీలాండ్, అమెరికా. 2009, 2010ల్లో నాలుగూ మనసు మార్చుకుని మద్దతు ప్రకటించాయి.

ఇక స్వయం నిర్ణయాధికారం. అనాయా సిద్ధాంతంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇదే. ఆయన దీన్ని రాజ్యాలకుండే హక్కుగా కాకుండా మానవ హక్కుగా చూస్తారు. అందులో రెండు పొరలున్నాయంటారు. ఒక పాలనా వ్యవస్థ పుట్టేటప్పుడు లేదా మారేటప్పుడు అందులో ఉండబోయే జనం ఇష్టం ఉండాలి, అది మొదటి పొర. ఆ వ్యవస్థ కింద రోజూ బతికేటప్పుడు తమ బతుకు తీరును తామే నడుపుకోగలగాలి, ఇది రెండోది, ఎప్పటికీ సాగేది. అమెరికా, ఆస్ట్రేలియా వంటి దేశాలు పుట్టినప్పుడు ఆదివాసులను ఎవరూ అడగలేదు. మొదటి పొర అక్కడే చినిగింది. దానికి పరిహారం ఏమిటన్నది వేరే ప్రశ్న. వేరు దేశం కావడం అరుదైన పరిహారాల్లో ఒకటి, అదే హక్కు అసలు స్వరూపం కాదు అంటారు ఆయన. చాలాచోట్ల పరిహారం స్వపరిపాలన, భూమి, భాష, తమ గురించి తీసుకునే నిర్ణయాల్లో పాలు.

హక్కును, పరిహారాన్ని ఇలా విడదీయడం వల్ల రాజ్యాల భయం కొంత తగ్గింది. 46వ అధికరణంలో దేశాల ప్రాదేశిక సమగ్రతకు భంగం కలగకూడదన్న మాట కూడా చేర్చారు.

రెండోచదువు
చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. భారతదేశం ఎటు ఓటు వేసింది?

చరిత్రదారి
అనుకూలంగా. అయితే స్వయం నిర్ణయాధికారం విదేశీ పాలనలో ఉన్న ప్రజలకు మాత్రమే వర్తిస్తుందని తన వైఖరి చెప్పుకుంది. దేశ జనమంతా ఇక్కడి మూలవాసులేనన్నది ప్రభుత్వం ఎప్పటినుంచో చెబుతున్న మాట. ఆదివాసుల గురించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 107వ ఒడంబడికను భారత్ 1958లో ఆమోదించింది. దాని స్థానంలో వచ్చిన 1989 నాటి 169వ ఒడంబడికను మాత్రం ఆమోదించలేదు. అయినా ఒడిశాలోని నియమగిరి కొండల గనుల కేసులో 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ 2007 ప్రకటనను ప్రస్తావించింది. నేలతో ఆదివాసులకున్న ఆధ్యాత్మిక సంబంధాన్ని హక్కుగా చెప్పింది. ప్రకటన సంధి కాదు, కట్టుబడనక్కరలేదు అనేవారు ఈ దారిని గమనించాలి.

దుబాసి
ప్రజలు అన్న మాట దగ్గర నాకో సమస్య వచ్చింది. ఇంగ్లీషులో 'పీపుల్' అని రాయాలా, చివర ఒక 'స్' చేర్చి 'పీపుల్స్' అని రాయాలా అన్నది ఐక్యరాజ్యసమితిలో ఏళ్ళ తరబడి జరిగిన పోరాటం. ఆ ఒక్క అక్షరం చేరితే స్వయం నిర్ణయాధికారం ఉన్న సమూహాలవుతారు. చేరకపోతే ఉత్త జనాభా. 1993ను ఆదివాసుల సంవత్సరంగా ప్రకటించినప్పుడు ఆ అక్షరం లేదు. కార్మిక సంస్థ 169వ ఒడంబడికలో చేర్చారు, చేర్చి, దీనికి అంతర్జాతీయ న్యాయంలో ఉండే అర్థం ఇక్కడ తీసుకోకూడదని ఒక నిబంధన కూడా పెట్టారు. 2007 ప్రకటనలో ఏ షరతూ లేకుండా నిలబడింది.

తెలుగులోకి తెస్తే ఆ పోరాటమంతా మాయమైపోతోంది. మనకు 'ప్రజలు' ముందే బహువచనం. 'ఆదివాసీ ప్రజలు' అంటే రెండూ కావచ్చు. 'జాతులు' అందామా అంటే ఆ మాటలో దేశం, వంశం, కులం అన్నీ కలగలిసి ఉన్నాయి. 'తెగలు' అంటే చిన్నబుచ్చినట్టు వినిపిస్తుంది. 'జనసమూహాలు' అంటే ఎక్కడో గుమిగూడినవాళ్ళలా ఉంది. మీరంతా ఏమంటారు?

చరిత్రదారి
'ఆదివాసీ జాతులు' నాకు నచ్చుతుంది. ఆ మాటలో కలగలిసిన అర్థాలన్నిటిలోనూ తమకంటూ ఒక అస్తిత్వం ఉందన్న ధ్వని ఉంది. ఆ ఒక్క అక్షరం కోసం వాళ్ళు పోరాడింది దానికే.

ప్రశ్నార్థకం
మాట సంగతి మీరు తేల్చండి, నేను సారం దగ్గరకు వస్తాను. న్యాయపీఠిక గారు చెప్పిన విడదీతలో నాకు ఒక నష్టం కనబడుతోంది. రాజ్యాల భయం తగ్గించడానికి హక్కును మెత్తబరిచారేమో! కరెన్ ఎంగిల్ అనే న్యాయ ఆచార్యురాలు ఈ కోణంలోనే గట్టి విమర్శ చేశారు. ఆదివాసులు తమ హక్కులను సంస్కృతి పేరిట, మానవ హక్కుల పేరిట అడగడం మొదలుపెట్టాక, భూమి మీద, పాలన మీద అసలైన అధికారం అడిగే గొంతు పలచబడిందంటారు ఆమె. కొండతో ఆత్మీయ బంధం చూపిస్తేనే నేల దక్కుతుందంటే, ఆ బంధం తెగిపోయేలా తరిమివేసిన వారి మాట ఏమిటి? పట్నాలకు చేరిన వారి మాట ఏమిటి? దుబాసి గారు చెప్పిన ఆ మౌనం నన్నూ కదిలించింది. కాని ఆ మౌనం పాటించని మనవడికి తాత నేల మీద హక్కు తగ్గుతుందా?

ఇంకొకటి. 2009లో నివేదకుడిగా అనాయా ఇచ్చిన నివేదికలో, సంప్రదింపుల హక్కు అంటే ప్రతిదానికీ అడ్డుపడే అధికారం కాదన్న మాట ఉంది. కంపెనీలకు ఆ వాక్యం తియ్యగా వినిపించి ఉంటుంది.

నీలిపుటలు
మనవడి ప్రశ్నకు నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. రెండు రోజులుగా అదే ఆలోచిస్తున్నాను. తర్వాతి తీర్పులు కొంత దూరం వెళ్ళాయి. పరాగ్వేకు చెందిన సావోయామాక్సా కేసులో, 2006లో, తమ నేలనుంచి వెళ్ళగొట్టబడి చేతిలో స్వాధీనం లేని సమూహానికి కూడా హక్కు నిలిచే ఉంటుందని, తిరిగి అడగవచ్చని అదే న్యాయస్థానం చెప్పింది. కాని సంబంధం ఏదో ఒక రూపంలో ఇంకా ఉండాలన్న షరతు అక్కడా ఉంది. ఎంగిల్ విమర్శ ఆ షరతుకు తగులుతుంది. అది నిజమే.

2009 నివేదిక విషయంలో మాత్రం ఆ ఒక్క వాక్యం తీసుకుంటే అన్యాయం అవుతుంది. దాని తర్వాతే ఆయన ఏమన్నారో చూడండి. ఒక పని వల్ల ఆదివాసుల బతుకు మీద పడే దెబ్బ ఎంత పెద్దదైతే, సమ్మతి లేకుండా ముందుకు పోకూడదన్న నియమం అంత బలపడుతుంది. ఊళ్ళకు ఊళ్ళు లేపేయవలసి వస్తే సమ్మతి ఉండి తీరాలి. 2013లో గనులు, చమురు వంటి వాటి మీద ఇచ్చిన నివేదికలో ఇంకా ముందుకు వెళ్ళారు. వద్దు అనే హక్కు ఆదివాసులకుందని, ఆ మాట అన్నందుకు వాళ్ళమీద ఏ కక్షసాధింపూ ఉండకూడదని రాశారు. తవ్వడమే వాళ్ళు కోరుకుంటే వాళ్ళ సొంత సంస్థల ద్వారా తవ్వుకునే దారి అన్నిటికంటే మేలన్నారు.

2012లో అమెరికా పర్యటన ముగించి, సొంత దేశం గురించి కూడా మొహమాటపడలేదు. బ్లాక్ హిల్స్ కొండలు అక్కడి లకోటా ఆదివాసులకు తిరిగి ఇవ్వడం వంటి చర్యలు ఆలోచించమన్నారు. 1980లో అక్కడి సుప్రీంకోర్టు ఆ కొండలకు డబ్బు పరిహారం ఖాయం చేసింది. లకోటాలు తీసుకోలేదు. వడ్డీతో అది వంద కోట్ల డాలర్లు దాటినా ముట్టుకోలేదు. మాకు కొండలే కావాలన్నారు.

రెండోచదువు
ఆ డబ్బు సంగతి మొదటిసారి వింటున్నాను. పేదరికంలో ఉండి కూడా తీసుకోలేదంటే ఏమనాలో తెలియడం లేదు.

గీతలుపటాలు
చాలా రోజులుగా మీ చర్చ చదువుతున్నాను. నేను భూములు కొలిచే పనిలో ఉన్నాను, ఇరవై ఏళ్ళ అనుభవం. నా పనికి సంబంధించిన సంగతి వచ్చింది కనుక రాస్తున్నాను.

పదిహేను నెలల్లో పట్టా ఇవ్వమన్నారు కదా. ఇచ్చింది 2008 డిసెంబరు 14న. ఏడేళ్ళకు పైగా పట్టింది. సుమారు 73,000 హెక్టార్లకు. ఈ ఆలస్యాన్ని చూసి తీర్పు వృథా అనేవారు ఉంటారు. నేను అనను. మధ్యలో జరిగిన పని చూడండి. 2003లో నికరాగువా 445వ నంబరు చట్టాన్ని అమల్లోకి తెచ్చింది. తీర్పు ఒత్తిడి లేకపోతే ఆ చట్టం వచ్చేది కాదని నా నమ్మకం. అందులో అయిదు దశలున్నాయి. దరఖాస్తు, తగువుల పరిష్కారం, కొలత, పట్టా, చివరిది నేల శుద్ధి. అంటే హక్కు లేకుండా లోపల ఉన్న బయటివారి సంగతి తేల్చడం. ఒక్క ఊరి దావా తీరప్రాంతపు ఊళ్ళన్నిటికీ దారి వేసింది.

ప్రశ్నార్థకం గారు మొదట్లో అడిగిన పక్క ఊరి ప్రశ్న రెండో దశలో ఉంది. కొలతకు ముందు తగువు తీరాలి. ఇది చాలా తెలివైన వరస. మా పనిలో గొలుసు పట్టుకుని దిగాక తగువు లేస్తే ఇక ఏ గీతా నిలవదు. అడవి ఊళ్ళకు మనం అనుకునే గీత లాంటి హద్దు ఉండకపోవచ్చు. ఈ వాగు దాకా వేట మాది, చేపలు ఇద్దరివీ, ఆ గుట్ట దాటితే మీది, ఇలా ఉంటుంది. ఒకే నేల మీద రెండు ఊళ్ళకు రెండు రకాల వాడకం. కాగితం మీద పెన్సిలు పెట్టగానే ఆ రెండింటిలో ఒకటి చెరిగిపోతుంది. నేను ఇది చేత్తో చేసినవాడిని కనుక చెబుతున్నాను. గీత గీసినప్పుడల్లా ఎవరో ఒకరి నడక ఆగిపోతుందేమోనని చూసుకోవాలి.

ఇక నన్ను బాధపెట్టేది అయిదో దశ. పట్టా వచ్చాక కూడా బయటినుంచి వలస వచ్చినవారు అడవి నరికి పచ్చికబయళ్ళు చేసుకుంటూనే ఉన్నారు. నేల శుద్ధి జరగలేదు. పట్టా చేతిలో ఉంది, అడవి కరుగుతోంది.

ప్రశ్నార్థకం
పక్క ఊరి ప్రశ్నకు జవాబు దొరికింది గీతలుపటాలు గారూ, కృతజ్ఞతలు. ఆ రెండో దశ సంగతి తెలిస్తే నేను మొదట అలా రాసేవాడిని కాదు. అయిదో దశ గురించి మీరు రాసింది మాత్రం నా పాత అనుమానాన్ని బలపరుస్తోంది. తీర్పు రాజ్యాన్ని ఆదేశించగలదు. ఇష్టం లేని రాజ్యం చేత గొడ్డలి ఆపించగలదా?

న్యాయపీఠిక
ఆపించలేదు. ఆ న్యాయస్థానం చేతిలో పోలీసులు లేరు. తీర్పు అమలును ఏళ్ళ తరబడి పర్యవేక్షించడం దాకే దాని బలం. అయినా ఒక సంగతి లెక్కలోకి తీసుకోండి. ప్రకటన వెలువడిన సరిగ్గా అయిదు వారాలకు, 2007 అక్టోబరు 18న, బెలీజ్ ప్రధాన న్యాయమూర్తి అబ్దులై కాంటే మాయా ఆదివాసుల రెండు ఊళ్ళ భూమి హక్కును గుర్తిస్తూ ఆ ప్రకటనను ఆధారంగా తీసుకున్నారు. ఆ ఊళ్ళకు సాయపడింది అరిజోనాలో అనాయా నడిపిన ఆదివాసీ న్యాయ కార్యక్రమం. 2010లో ఆఫ్రికా మానవ హక్కుల కమిషన్ కెన్యాలోని ఎండొరోయిస్ జనం విషయంలో, 2017లో ఆఫ్రికా న్యాయస్థానం ఓగియెక్ జనం విషయంలో ఇదే తోవ పట్టాయి. ఎండొరోయిస్ నిర్ణయంలో అవాస్ తింగ్ని పేరు కనబడుతుంది. ఆరువందల మంది ఉన్న ఊరు వాళ్ళు చూడని ఖండంలో సాక్ష్యం చెప్పింది.

దుబాసి
నేను ఆ తీర్పులో 149వ పేరా తెలుగు చేయడం మొదలుపెట్టాను. మీరు సరిచూడాలి. నా ముసాయిదా: 'ఆదివాసీ సమూహాలకు నేలతో ఉన్న సంబంధం కేవలం స్వాధీనానికి, ఉత్పత్తికి చెందిన విషయం కాదు. అది వారు పూర్తిగా అనుభవించవలసిన భౌతిక, ఆధ్యాత్మిక అంశం, తమ సాంస్కృతిక వారసత్వాన్ని కాపాడుకుని రాబోయే తరాలకు అందించడానికి కూడా.' మూలంలోని స్పానిష్ మాటకు 'అనుభవించు' సరిపోతుందా, చట్టపు భాషలో వేరే మాట ఉందా?

న్యాయపీఠిక
అంతకంటే సరైన మాట లేదు. మన దస్తావేజుల్లో 'స్వాధీనానుభవం' అన్న పదం ఎప్పటినుంచో ఉంది. నేల చేతిలో ఉండటం, దాన్ని అనుభవించడం, రెండూ ఒకే మాటలో. 21వ అధికరణం చెప్పేది అదే. 'అంశం' మాత్రం పొడిగా ఉంది. 'ఆధారం' అని చూడండి.

గీతలుపటాలు
దస్తావేజు మాట ఎత్తారు కనుక నాకూ ఒకటి తోచింది. మన కాగితాల్లో 'పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించుటకు, దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో' అని రాస్తారు. నికరాగువా చట్టంలో ఉమ్మడి నేలను అమ్మడానికి వీల్లేదు, జప్తు చేయడానికి వీల్లేదు, దానికి కాలదోషం పట్టదు. ఆ పట్టాను మన దస్తావేజు భాషలో రాస్తే మొదటి సగం ఉంచి రెండో సగం కొట్టేయాలి.

దుబాసి
'పుత్రపౌత్ర పారంపర్యంగా' అన్నది చదివి, పేరాలోని 'రాబోయే తరాలకు' దగ్గర పెన్ను ఆపాను. ఆ మాట వాడితే కొడుకులు, మనవలే వస్తారు, కూతుళ్ళు రారు. 'తరతరాలకూ' అని మార్చాను. 'ఆధారం' తీసుకున్నాను. సాక్ష్యాల భాగం పెద్దది, ఈ వారమంతా అదే చేస్తాను. కొండల పేర్లు ఎలా పలకాలో మయంగ్నా భాష తెలిసినవారిని అడిగాకే రాస్తాను, అంతవరకు ఆ చోట్లు ఖాళీగా ఉంచుతున్నాను.

నీలిపుటలు
అలాగే ఉంచండి దుబాసి గారూ. 21, 25 అధికరణాల భాగం నేను మొదలుపెడతాను. రెండోచదువు గారూ, ప్రభుత్వ వాదనల భాగం మీరు చేస్తారా? ప్రశ్నార్థకం గారు సరిచూస్తారు.

రెండోచదువు
చేస్తాను. ఆదివారానికి మొదటి పది పేరాలు పంపుతాను.